నారాజీ వేరు, జప్తు వేరు

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం, ఇఫ్తార్ అయ్యి చాయ్ తాగుతుంటే మా ఆపా కొడుకు అన్నాడు: "మామూ, ఆయన్ని క్యాన్సిల్ చేసేసిన్రు."

ఎవర్నిరా అంటే ఒక స్టేజీ కమెడియన్ని అట. నాకు తెలిసి క్యాన్సిల్ అయ్యేవి రైలు టికెట్లు, మహా అయితే ఫంక్షన్ హాళ్ళు. మనిషిని క్యాన్సిల్ చేయడమేంది? వాడు ఓపిగ్గా సమఝాయించాడు. ఆయన ఆడపిల్లల మీద ఏదో జోకేశాడు, ఫోన్లలో జనం తిట్టిపోశారు, ఒక కాలేజీ వాళ్ళు ఆయన ప్రోగ్రాం రద్దు చేసుకున్నారు. మాట్లాడే ఆజాదీ పోయింది, జమానా ఖరాబైంది అని వాడి ఫిక్రు.

"మరి ఇప్పుడేం చేస్తున్నాడు పాపం?"

"షోలే చేస్తుండు మామూ. నన్నెట్ల క్యాన్సిల్ చేసిన్రు అనే దాని మీదనే షో. టికెట్లు దొర్కుతలేవు."

తరావీకి టైమైంది కాబట్టి ఆ రోజు వాడితో బహస్ పెట్టుకోలేదు. కానీ మాట మాత్రం దిమాగ్‌లో ఉండిపోయింది. ఎందుకంటే మన ఉర్దూ అదబ్‌లో నిజంగానే క్యాన్సిల్ అయిన కితాబ్ ఒకటుంది. పోలీసులు ప్రతులు ఎత్తుకుపోయాక, ఈ దేశంలో అది మళ్ళీ కితాబ్‌గా జనం చేతికి రావడానికి అరవై ఏళ్ళు పైనే పట్టింది. ఆ కిస్సా వాడికి చెప్పాలి. అయితే ఆ కిస్సాలో మన ఖౌమ్‌కి తారీఫ్ తక్కువ, సిగ్గుపడాల్సింది ఎక్కువ. అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను.

1932 డిసెంబర్. లక్నోలోని నిజామీ ప్రెస్సులో ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'అంగారే'. నిప్పు కణికలు అన్నమాట. తొమ్మిది అఫ్సానాలు, ఒక నాటిక. రాసింది నలుగురు, అందరూ ఇరవైలలో ఉన్నవాళ్ళే. సజ్జాద్ జహీర్, అవధ్ చీఫ్ కోర్టు చీఫ్ జడ్జి సర్ వజీర్ హసన్ కొడుకు. ఐదు కథలు ఆయనవే. అహ్మద్ అలీవి రెండు. మహ్ముదుజ్జఫర్‌ది ఒకటి. మిగిలిన ఒక కథా, నాటికా రషీద్ జహాఁవి. ఆమె డాక్టర్. ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో చదివింది. వాళ్ళ నాన్న షేక్ అబ్దుల్లా అలీగఢ్‌లో ముస్లిం ఆడపిల్లల కోసం బడి పెట్టిన మనిషి, అమ్మ వహీద్ జహాఁ బేగం ఆ పనిలో ఆయనకు తోడు.

ఈ కథల్లో ఏముంది? ఒకదాంట్లో వాన కురుస్తున్న చలి రాత్రి, కారుతున్న కప్పు కింద పిల్లల్ని పొదువుకుని కూచున్న బేవా. ఒకదాంట్లో షరీఫ్ ఇంట్లో పెరిగిన దులారీ అనే పనిపిల్లను ఆ ఇంటి కొడుకు ఏం చేశాడో ఉంది. ఒకదాంట్లో తన మగతనం లోకానికి చూపించడానికి రోగిష్టి భార్యకు కడుపు చేసి, ఆ కాన్పులోనే ఆమెను చంపుకున్న మొగుడు. 'జన్నత్ కీ బషారత్' అనే కథలో ఒక మౌలానా రంజాన్ నెల పవిత్ర రాత్రి ఇబాదత్‌లో కూచుని కునుకు తీస్తాడు. కలలో జన్నత్, హూరీలు. మెలకువ వచ్చేసరికి ఛాతీకి హత్తుకుని ఉన్నది ఖురాన్ షరీఫ్, పక్కన పగలబడి నవ్వుతున్న బీవీ.

ఈ చివరి కథ చదువుతుంటే నాకూ ఎక్కడో గుచ్చుకుంది. అబద్ధం చెప్పను. ఆ రాత్రి విలువ తెలిసిన ఇంట్లో పెరిగినవాడికి అది గుచ్చుకోకుండా ఉండదు. సజ్జాద్ జహీర్ కూడా తర్వాత రోజుల్లో, ఆ కథల్లో చాలావాటిలో నెమ్మది కన్నా కోపమే ఎక్కువ ఉందని ఒప్పుకున్నారు. కాబట్టి 1933లో జనానికి నారాజీ కలగడం నాకు వింతగా లేదు. తర్వాత జరిగిందే చూడాలి.

లక్నోలో షియా కాన్ఫరెన్స్ కమిటీ పుస్తకాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. సున్నీలు వెనకపడతారా? మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ తన 'సచ్' పత్రికలో విరుచుకుపడ్డారు. మిగతా విషయాల్లో ఒకరి పక్కన ఒకరు నిలబడని ఫిర్కాలన్నీ ఈ ఒక్క విషయంలో ఒకే సఫ్‌లో నిలబడ్డాయి. మసీదుల్లో తీర్మానాలు. రాసినవాళ్ళ మీద ముకద్దమా నడపడానికి చందాలు. పుస్తకాన్ని వెంటనే ఆపాలని సర్కార్‌కి అర్జీలు. అర్జీ పెట్టినవాళ్ళలో ఎంతమంది కితాబ్ తెరిచి చూశారో అల్లాకే ఎరుక. 1933 మార్చి 15న సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 'అంగారే'ని జప్తు చేసింది. ప్రతులన్నీ పట్టుకుపోయి నాశనం చేశారు. చట్టం ప్రకారం దాచిపెట్టిన నాలుగైదు మాత్రం ఇక్కడి సర్కారు దఫ్తర్లలో, లండన్ లైబ్రరీలో మిగిలాయి.

మన తెలుగులో ఈ 'జప్తు' అనే మాట చూడండి. అప్పు కట్టని రైతు ఎద్దుల్ని అమీన్ తోలుకుపోయేటప్పుడు పుట్టిన మాటలా అనిపిస్తుంది. అరబ్బీ నుంచి ఫార్సీ, ఫార్సీ నుంచి కచేరీ, కచేరీ నుంచి మన ఊళ్ళోకి వచ్చింది. పుస్తకానికీ అదే మాట, ఎద్దుకీ అదే మాట.

రషీద్ జహాఁ సంగతి వేరేగా చెప్పాలి. ఆమె రాసిన రెంటిలోనూ దీన్ మీద ఒక్క వేటూ లేదు. 'దిల్లీ కీ సైర్' మూడు పేజీల కథ. ఊరు చూపిస్తానని బుర్ఖాలో ఉన్న భార్యను ఢిల్లీ తీసుకెళ్ళిన మొగుడు, స్టేషన్లో ఆమెను సామాను మీద కూచోబెట్టి దోస్తుతో చక్కగా తిని రావడానికి పోతాడు. 'పర్దే కే పీఛే' నాటికలో, ఏటా కాన్పులతో ఒళ్ళు గుల్లయిన ఒక బేగం ఇంకో బేగంతో మనసు విప్పి మాట్లాడుతుంది. అంతే. కానీ నలుగురిలో బెదిరింపులు ఎక్కువ వచ్చింది ఆమెకే. మొహాన యాసిడ్ పోస్తామన్నారు, ముక్కు కోస్తామన్నారు. 'అంగారేవాలీ' అని పేరు పెట్టారు. మగవాళ్ళు అల్లాను అంటే తప్పు, ఆడది మగవాణ్ణి అంటే అంతకన్నా పెద్ద తప్పు. ఈ హిసాబు నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. కాదు, బాగానే అర్థమవుతుంది. ఆమె కాపలా మనుషుల్ని పెట్టుకోలేదు. మరీజుల్ని చూస్తూనే ఉంది.

జప్తయిన మూడు వారాలకు, ఏప్రిల్ 5న, అలహాబాద్ 'లీడర్' పత్రికలో మహ్ముదుజ్జఫర్ ప్రకటన వచ్చింది. మాఫీ అడగడం లేదు, పుస్తకం తన కాళ్ళ మీద తాను మునిగినా తేలినా సరే, రాసే హక్కును మాత్రం వదులుకోం అని దాని సారాంశం. అభ్యుదయ రచయితలకు ఒక సంఘం ఉండాలన్న మాట కూడా అందులోనే ఉంది. మూడేళ్ళకు, 1936 ఏప్రిల్‌లో, అదే లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన ఆ సంఘం నిలబడింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. కథల పుస్తకాన్ని జప్తు చేసే తాకత్ అంగ్రేజ్ సర్కార్‌కి ఏ చట్టం ఇచ్చింది? 295ఏ. మరి అది ఎక్కడి నుంచి వచ్చింది? మనమే అడిగి తెచ్చుకున్నాం.

1924లో లాహోర్‌లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త 'రంగీలా రసూల్' అని ఒక పుస్తకం వేశాడు. హజ్రత్ ముహమ్మద్, సల్లల్లాహు అలైహి వసల్లం, గృహజీవితం మీద వెకిలి రాత. రాసినవాడి పేరు లేదు. కేసు నడిచి కింది కోర్టులో శిక్ష పడింది. 1927లో హైకోర్టు జడ్జి దలీప్ సింగ్ దాన్ని కొట్టేశారు. పుస్తకం మంచిదని కాదు. అప్పుడున్న 153ఏ సెక్షన్ రెండు వర్గాల మధ్య దుష్మనీ రేపడం గురించి చెప్పేది, గతించిన మతపెద్దను విమర్శించడం దాని కిందికి రాదని. దాంతో ముసల్మానులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే కొత్త సెక్షన్ తయారైంది. మత భావాల్ని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే జైలు.

ఆ బిల్లు మీద చర్చలో జిన్నా ఒక మాట హెచ్చరికగా అన్నారు. చరిత్ర పరిశోధన చేసేవాళ్ళు, మతాన్ని నిజాయితీగా విమర్శించేవాళ్ళు దీని కింద నలగకుండా చూసుకోవాలి అని. అప్పుడు ఎవరికి వినిపించింది? రెండేళ్ళు కూడా తిరగకుండా, 1929 ఏప్రిల్ 6న, ఇల్ముద్దీన్ అనే కుర్రాడు రాజ్‌పాల్‌ని దుకాణంలోనే పొడిచి చంపాడు. అక్టోబర్ 31న వాణ్ణి మియాన్‌వాలీ జైల్లో ఉరి తీశారు. జజ్బాత్‌ని కాపాడటానికి తెచ్చిన చట్టం ఆ కత్తిని ఆపలేదు. ఆ ఇద్దరిలో ఎవరినీ కాపాడలేదు. ఇంకో నాలుగేళ్ళకు అది పనికొచ్చింది ముసల్మాన్ ఇంట్లో పుట్టిన నలుగురు కుర్రవాళ్ళ మీద, వాళ్ళల్లో ఒక లేడీ డాక్టర్ మీద.

అక్కడితో అయిపోలేదు. 2014లో వెండీ డానిగర్ హిందూమతం మీద రాసిన పుస్తకాన్ని పెంగ్విన్ వాళ్ళు మన దేశంలో ఉపసంహరించుకున్నారు కదా, ఆ దావాలోనూ ఇదే 295ఏ. ఈసారి అడిగినవాళ్ళు వేరు. 2024 జులై నుంచి దాని నంబర్ మారింది, భారతీయ న్యాయ సంహితలో 299. పుస్తకాల్ని జప్తు చేసే అధికారమూ అలాగే బట్టలు మార్చుకుని కొత్త సంహితలోకి వచ్చింది. మన కోసం అని మనం కుట్టించుకున్న షేర్వానీ ఎవరెవరికి సరిపోతుందో కుట్టించేటప్పుడు తెలియదు.

ఇప్పుడు నా భాంజా మాట దగ్గరికి వద్దాం. స్టాన్లీ కోహెన్ అనే సామాజికవేత్త 1972లో ఒక కితాబ్ రాశాడు. 1964 ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లాండ్‌లో క్లాక్టన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో మాడ్స్, రాకర్స్ అనే రెండు కుర్రగుంపులు కొట్టుకున్నాయి. కొన్ని అద్దాలు పగిలాయి, కొన్ని కుర్చీలు విరిగాయి. పత్రికలు మాత్రం ఊరు తగలబడిపోయినట్టు రాశాయి. పెద్దలు, జడ్జీలు, పార్లమెంట్ సభ్యులు అందరూ దేశం పాడైపోతోందన్నారు. దీన్ని ఆయన 'మోరల్ ప్యానిక్' అన్నాడు. అఖ్లాక్ పేరు మీద పుట్టే గాభరా అని నేను చెప్పుకుంటాను. దానికి ఒక చిన్న నిజం కావాలి, దాన్ని వందింతలు చేసే గొంతులు కావాలి, భూతంలా చూపించడానికి కొందరు మనుషులు కావాలి. చివరికి శిక్ష తప్పుకన్నా ఎన్నో రెట్లు పెద్దది అవుతుంది.

1933 లక్నో ఇందులో సరిగ్గా సరిపోతుంది. ఒక చిన్న పుస్తకం, దాని వల్ల దీన్ మొత్తం ఖత్రేలో పడిందన్న హంగామా, భూతంగా ఒక డాక్టరమ్మ. నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, 'దీన్ ఖత్రేలో ఉంది' అన్నది ఎలాంటి గాభరానో, 'మాట్లాడే ఆజాదీ ఖత్రేలో ఉంది' అన్నది కూడా చాలాసార్లు అలాంటి గాభరాయే అవుతుంది. రెండో దానికి పుట్టిల్లు అమెరికా. అక్కడ ఇది మొదటిసారి కూడా కాదు.

1990 చివర్లో అక్కడి పెద్ద పత్రికలు 'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అనే మాటను పట్టుకున్నాయి. యూనివర్సిటీల్లో నల్లవాళ్ళు, ఆడపిల్లలు మమ్మల్ని ఇలా పిలవకండి, పాఠాల్లో మమ్మల్నీ చేర్చండి అని అడగడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల అతి కూడా జరిగింది, లేదనను. 1991 మే 4న మిషిగన్ యూనివర్సిటీ పట్టాల జల్సాలో స్వయంగా ప్రెసిడెంట్ జార్జ్ బుష్ లేచి, వాక్‌స్వాతంత్ర్యం మీద దాడి జరుగుతోందని వాపోయారు. దేశాధ్యక్షుడు, వేలమంది ముందు, మైకులో. ఇదే పెద్దమనిషి 1989లో, జెండా తగలబెట్టడం కూడా భావప్రకటనే అని సుప్రీంకోర్టు చెప్పగానే, అలా తగలబెట్టేవాళ్ళను శిక్షించడానికి రాజ్యాంగాన్నే మార్చాలన్నాడు. సర్కార్ చేతిలో ఉన్న లాఠీ ఆయనకు ఖత్రాగా కనిపించలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల క్లాసులో ఎదురు మాట్లాడితే మాత్రం కనిపించింది.

2020 జులైలో హార్పర్స్ పత్రికలో నూట యాభై మంది పైచిలుకు సంతకాలతో ఒక ఖత్ వచ్చింది. బహిరంగ చర్చకు చోటు తగ్గిపోతోందని, పొరపాట్లకు వెంటనే పెద్ద శిక్షలు వేస్తున్నారని. సంతకం పెట్టినవాళ్ళలో జె.కె. రౌలింగ్ ఉన్నారు, నోమ్ చామ్‌స్కీ ఉన్నారు. అందులో అన్నీ తప్పులేనని నేననను. పేరులేని చిన్న ఉద్యోగి ఒక్క మాట తూలినందుకు నౌకరీ పోగొట్టుకుంటే అది జుల్మే. కానీ ఆ ఉద్యోగి ఫిర్యాదు ఎవరికీ వినపడదు. వినపడింది లక్షలమంది చదువరులున్నవాళ్ళ ఫిర్యాదు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తున్న పత్రికలో, మా గొంతులకు చోటు లేదని, పెద్ద గొంతులు చెప్పుకోవడం చూస్తే నాకు ఆ టికెట్లు దొరకని షో గుర్తొస్తుంది.

ఆ సంతకాల్లో సల్మాన్ రష్దీ పేరూ ఉంది. ఆయన లెక్క వేరు. 1988లో మన సర్కార్ ఆయన కితాబ్‌ని దేశంలోకి రానివ్వలేదు. 1989 ఫిబ్రవరి 14న ఖొమైనీ మరణ ఫత్వా ఇచ్చారు. 2022 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో వేదిక మీదే ఒకడు కత్తితో పొడిస్తే ఒక కన్ను పోయింది. ఆయనకు జరిగినదానికీ, పుస్తకం నచ్చలేదని పాఠకులు తిట్టినదానికీ ఒకే మాట వాడితే ఆ మాటకు అర్థమేముంది? మన హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో 2007 ఆగస్టు 9న తస్లీమా నస్రీన్ తెలుగు అనువాదం విడుదలకు వస్తే ఎమ్మెల్యేలే పూలకుండీలూ కుర్చీలూ విసిరారు. అది నారాజీ కాదు. ఓట్లేసి గెలిపించినవాళ్ళు చేతులెత్తడం.

మన జుబాన్‌లో ఇన్ని మాటలున్నాయి. నారాజీ. ఎతిరాజ్. బైకాట్. హుక్కాపానీ బంద్, తెలుగులో వెలి. ఫత్వా. జప్తు. ఒక్కోటి ఒక్కో బరువు. వీటన్నిటినీ 'క్యాన్సిల్' అనే ఒకే గోనెసంచీలో వేసి కుట్టేస్తే, సంచీ మోసేవాడికి లోపల దూది ఉందో ఇనుము ఉందో తెలియదు.

అలాగని బైకాట్ అంతా దూది కాదు. ఇక్కడ మా అభ్యుదయ బుజుర్గుల సంగతి కూడా చెప్పకపోతే బేఈమానీ అవుతుంది.

1944 డిసెంబర్‌లో ఇస్మత్ చుగ్తాయ్ ఇంటికి పోలీసులు సమన్లు తెచ్చారు. 'లిహాఫ్' కథ అశ్లీలమని లాహోర్‌లో ముకద్దమా. అదే సమయంలో మంటో మీద 'బూ' కథకు. ఇద్దరూ కలిసి లాహోర్ వెళ్ళి, అదాలత్ పని చూసుకుని, అనార్కలీ బజారులో తిరిగి షాపింగ్ చేసుకొచ్చారు. ఆ విచారణ గురించి ఇస్మత్ తర్వాత రాసుకున్నారు. కథలో ఏ మాట అశ్లీలమో చూపించమని వకీలు అడిగితే, సాక్షి వెతికి వెతికి, అమ్మాయిలు ఆషిక్‌లను పోగేసుకోవడం గురించిన చోటు చూపించాడట. ఆషిక్ అనే మాట అశ్లీలమా? కాదు, కానీ షరీఫ్ ఇంటి ఆడది రాయకూడదు. మళ్ళీ అదే హిసాబు. కేసు నిలవలేదు.

మరుసటి ఏడు, 1945లో, అభ్యుదయ ఉర్దూ రచయితల మహాసభ మన హైదరాబాద్‌లో జరిగింది. మఖ్దూం షహర్. కృష్ణచందర్ ఆ ప్రయాణం మీద 'పౌదే' అని ఒక రిపోర్తాజ్ కూడా రాశారు. ఆ సభలో డాక్టర్ అబ్దుల్ అలీం ఒక తీర్మానం పెట్టారు. అదబ్‌లో ఫహాషీని, అంటే అశ్లీలతను, ఖండించాలని. ఆలోచించండి. 'అంగారే' నిప్పులోంచి పుట్టిన సంఘం, పన్నెండేళ్ళు తిరగ్గానే, ఇస్మత్, మంటో కోర్టు మెట్లెక్కుతున్న రోజుల్లోనే, తానే అఖ్లాక్ తీర్మానం చేయబోయింది. అడ్డుపడింది ఎవరు? మౌలానా హస్రత్ మోహానీ. డెబ్బై ఏళ్ళ మనిషి, నమాజీ, హాజీ, 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం ఇచ్చినవాడు. సున్నితంగా చెప్పే శృంగారానికి సాహిత్యంలో జాగా ఉండాల్సిందే అని పట్టుబట్టారు. హైదరాబాద్ 'పయాం' పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కూడా వ్యతిరేకించారు. తీర్మానం వీగిపోయింది. గడ్డం ఉన్నవాడు ఆపేవాడు, లేనివాడు ఆజాదీవాడు అనుకునేవాళ్ళకు నేను ఈ కిస్సా తప్పకుండా చెబుతాను.

హైదరాబాద్‌లో ఆగింది లాహోర్‌లో ఆగలేదు. 1949లో పాకిస్తాన్ అభ్యుదయ రచయితల మహాసభ, తమ దారిలో లేని రచయితల్ని తమ పత్రికల్లో వేయకూడదని నిర్ణయించింది. వాళ్ళలో మంటో ఉన్నాడు. ఇవాళ్టి అర్థంలో క్యాన్సిల్ అంటే ఇదే. పోలీసులు లేరు, జప్తు లేదు, సాటి రచయితలు తలుపు మూసేశారు. కథ కథకూ వచ్చే రూపాయలతో ఇల్లు నడుపుకునేవాడికి అది కడుపు మీద దెబ్బే. అయినా మంటో రాశాడు, వేసేవాళ్ళు వేశారు, 1955 జనవరిలో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. తలుపు మూసిన సంఘాన్ని 1954లో పాకిస్తాన్ సర్కారే నిషేధించింది. ఒకటి మూసిన తలుపు, ఇంకోటి కూల్చిన ఇల్లు. రెండూ మంటో బతికుండగానే జరిగాయి, తేడా చూడటానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఈ మొత్తం గొడవలో నాకు నచ్చిన మనిషి ఫైజ్. మంటో 'ఠండా గోష్త్' మీద కేసు నడిచినప్పుడు ఆయన్ని సాక్షిగా పిలిచారు. అభ్యుదయ శిబిరంలో ఫైజ్ ఎంత పెద్దవాడో చెప్పనక్కర్లేదు. కోర్టులో ఆయన చెప్పింది ఇంతే. కథ అశ్లీలం కాదు, అలాగని గొప్ప సాహిత్యపు స్థాయినీ అందుకోలేదు. మంటోకి రెండో మాట చురుక్కుమనే ఉంటుంది. కానీ నచ్చని కథ రాసినవాడు జైలుకు పోకూడదని చెప్పడానికి, నచ్చలేదన్న మాట దాచుకోవాల్సిన పని లేదు.

ఇదంతా నేను కితాబుల్లోంచే నేర్చుకున్నానంటే గొప్పలు పోయినట్టవుతుంది. కొన్నేళ్ళ కింద నేను మా ఊరి నికాల్లో జహేజ్ గురించి ఒక వ్యాసం రాశాను. పేర్లు లేవు, కానీ ఊళ్ళో ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. ఆ తర్వాత ఒక సభలో మాట్లాడాల్సిన నా పేరు కార్డులోంచి తీసేశారు. నేను ఊరుకున్నానా? నా గొంతు నొక్కేశారు, కలానికి సంకెళ్ళేశారు అని తెలిసిన పత్రికలకు, తెలియని పత్రికలకు రాశాను. దోస్తులందరికీ ఫోన్లు. మంటో తర్వాత నేనే అన్నట్టు తిరిగాను ఒక నెలరోజులు. ఒకరోజు మా ఆపా పుదీనా తుంచుతూ, తల ఎత్తకుండానే అడిగింది: "నీ గొంతు నొక్కితే మరి నెల నుంచి ఈ అరుపెవరిదిరా?"

పిలవకపోవడం వాళ్ళ చిన్నబుద్ధే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మైకు వాళ్ళది. ఆ వ్యాసం చదివి ఒక అమ్మాయి తండ్రి, నువ్వు పేర్లు రాయకపోయినా మా ఇల్లని అందరికీ తెలిసిపోయింది భాయ్ అని బాధపడ్డాడు. నెలరోజుల నా హంగామాలో ఆయన నారాజీకి ఒక్క వాక్యం కూడా చోటివ్వలేదు నేను.

'అంగారే' 1995లో ఖాలిద్ అల్వీ సంపాదకత్వంలో ఢిల్లీలో మళ్ళీ అచ్చయింది. అప్పటికి నలుగురిలో ముగ్గురు లేరు, ఒక ఏడాది ముందే, 1994లో, అహ్మద్ అలీ కూడా కరాచీలో పోయారు. రషీద్ జహాఁ ఎప్పుడో 1952లో క్యాన్సర్ వైద్యం కోసం మాస్కో వెళ్ళి అక్కడే కన్ను మూసింది. నలభై ఏడేళ్ళు కూడా నిండలేదు.

రంజాన్ వెళ్ళి ఈద్ సెలవుల్లో భాంజా మళ్ళీ వచ్చాడు. వాడికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని 'దిల్లీ కీ సైర్' నేనే పైకి చదివాను. మూడు పేజీలు, పది నిమిషాలు కూడా పట్టలేదు. వంటింట్లోంచి ఆపా కూడా వచ్చి గుమ్మంలో నిలబడి వింది. మొగుడు కడుపు నిండా తిని తిరిగొచ్చి నీకూ పూరీలేమైనా తేనా అన్నట్టు అడిగే చోట ఆపా పకపకా నవ్వింది. సికింద్రాబాద్ స్టేషన్లో మా దూల్హాభాయ్ ఆమెను సూట్‌కేసుల మీద కూచోబెట్టి ఎటు పోయాడో, ఎంతసేపటికి వచ్చాడో చెప్పడం మొదలుపెట్టింది.

"దీన్నా మామూ బ్యాన్ చేసింది?" అన్నాడు వాడు.

"ఉండ్రా, నన్ను చెప్పనీ" అంది ఆపా.